రాతి పడవ, పొట్టేళ్ల దండు

ఒక పెద్ద అడవిలో అన్నిటికీ కరువొచ్చింది గానీ మర్యాదలకు మాత్రం ఏనాడూ కరువు రాలేదు. దాన్ని ముసలి పాండా మహారాణి ఏలుతుండేది. ఆమెకు ఎవరూ వీపు చూపకూడదు. అందుకని కొలువుకు వచ్చినవాళ్లంతా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ ఇళ్లకు పోయేవాళ్లు. దారిలో గోతుల్లో పడేవాళ్లు కూడా. గోతులు పూడ్చాలని ఎవరికీ తోచలేదు. అవీ తాతల నాటివే మరి!

ఇంతలో ఏటి అవతలి అడవిపందులు ఈదుకుంటూ వచ్చి, గట్టున ఉన్న వెదురు తోపును కుళ్లగించడం మొదలుపెట్టాయి. సంస్కరణల మంత్రి కొంగ గూడు ఆ తోపులోనే ఉంది. పిల్లలకు ఇంకా రెక్కలు రాలేదు.

"ఏవండీ, ఈసారి పందులొస్తే మన గూడు మిగలదు," అంది ఆడకొంగ. "అడవినంతా బాగుచేసే మంత్రిగారు కదా, కాస్త ఇంటి ముందు సంగతి కూడా చూడండి."

కొంగ కొలువుకు పరుగెత్తింది.

"మహారాణీ, మన దండులో జింకలకు డప్పు కొట్టి దణ్ణం పెట్టడమే వచ్చు. డప్పు వినబడితే పందులు భోజనానికి పిలుస్తున్నారనుకుంటున్నాయి. పొట్టేళ్లతో కొత్త దండు కట్టి, కొత్తరకం కవాతు నేర్పిద్దాం."

పాండా ఆవులించింది. "మార్పులు చెయ్యి నాయనా, ఎన్నయినా చెయ్యి. ఏదీ మారకుండా చూసుకో."

మర్యాదల అధికారి అలుగు గొంతు సవరించుకుంది. ఒంటినిండా పెంకులున్న ఈ పెద్దమనిషికి, కష్టమైన ప్రశ్న ఎదురైతే బంతిలా ముడుచుకోవడం అలవాటు.

"కొంగయ్యా, అమ్మగారి గద్దె గుట్ట మీద. పందులొచ్చేది ఏటి నుంచి. పొట్టేళ్లు ఏటివైపు తిరిగితే అమ్మగారికి వీపు చూపినట్టు కాదూ?"

"మరి పందుల్ని తోకలతో పొడవమంటారా?"

అలుగు ముడుచుకుంది.

కొంగ ఒంటికాలి మీద నిలబడి ఆలోచించింది. గద్దెనే ఏట్లో పెడితే? పొట్టేళ్లు రాణికి ముఖం చూపినట్టూ అవుతుంది, పందులకు కొమ్ములు చూపినట్టూ అవుతుంది.

"మహారాణీ, మీరు పడవ మీద కొలువుదీరితే ఎంత బాగుంటుందో!"

"పడవ కదిలితే నాకు కళ్లు తిరుగుతాయి. రాతితో కట్టించు."

అలా ఏటి అంచున రాతి పడవ లేచింది. తెడ్లు కూడా రాతివే. పొట్టేళ్లు కవాతు మాని రాళ్లు మోశాయి. చూసినవాళ్లంతా నవ్వారు. కొంగ పట్టించుకోలేదు, దానికి తన గూడు నిలబడితే చాలు.

రాణి పడవెక్కిన రోజే పందులొచ్చాయి. పడవను చుట్టి, గట్టెక్కి, తోపులో పడ్డాయి. తోపుకు అవతల పొట్టేళ్లు బారులు తీరి, కొమ్ములు వంచి, రాణికి ముఖం పెట్టి నిలబడి ఉన్నాయి. పందులు సరిగ్గా మధ్యలో చిక్కాయి.

"దూకండి!" అని అరిచింది కొంగ.

"ఆగండి!" అంతకంటే గట్టిగా అరిచింది అలుగు. "ఆ కొమ్ములు ఎవరివైపు ఉన్నాయి? అమ్మగారి వైపు! రాణి మీదికి దూకడం రాజద్రోహం!"

పొట్టేళ్లు ఉన్నచోటే బిగుసుకుపోయాయి.

"అయ్యా, మరి మా కొమ్ములు ఎటు పెట్టుకోమంటారు?" అని ఒక ముసలి పొట్టేలు అడిగింది.

అలుగు ముడుచుకుంది.

తోపులో వెదుళ్లు ఫెళఫెళా విరుగుతున్నాయి. "ఏవండీ!" అని ఆడకొంగ కేక వినబడింది. రాణి ముందు చేతులు కట్టుకున్నట్టు నిలబడ్డ కొంగకు ఒళ్లు మండిపోయింది. గిరుక్కున వెనక్కి తిరిగి, ఎగిరి వెళ్లి, గూటి కింది వెదురును కుదుపుతున్న పంది కంట్లో ముక్కుతో పొడిచింది. అది కీచుమంటూ ఏటివైపు పరుగెత్తింది. మిగతావి కంగారుపడి దాని వెంటే నీళ్లలోకి దూకాయి. సగం తోపు పోయింది గానీ పిల్లలు బతికాయి.

మర్నాడు విచారణ జరిగింది. పందుల ఊసు ఎవరూ ఎత్తలేదు.

"నిన్న నాకు వీపు చూపింది ఎవరు?" అని అడిగింది రాణి.

"నేనే మహారాణీ. కానీ పందులు పారిపోయాయి కదా?"

"నీకంటే అవే నయం," అంది అలుగు. "పారిపోయేటప్పుడు కూడా అమ్మగారి వైపే ముఖం పెట్టుకుని వెళ్లాయి."

కొంగ తోక ఈకలన్నీ పీకించి, పదవి ఊడబెరికారు. సంస్కరణల మంత్రి పదవి అలుగుకు దక్కింది. మర్యాద తెలిసిన జాతి అని పందులకు కొలువులో పీటలు వేయించడం అది చేసిన మొదటి సంస్కరణ.

ఇందులో నీతి కావాలంటారా? అడవి పోయినా ఫర్వాలేదు, మర్యాద మాత్రం పోనివ్వకండి. వచ్చిన పందులకు వడ్డించేటప్పుడైనా అది పనికొస్తుంది.