గెలవని పెలికన్లకు జేజేలు

మా లిండ్‌వాల్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 'పెలికన్లు' ఈ సీజన్‌లో ఒక్క ఆటా గెలవలేదు. అయోవా రాష్ట్రంలో ఒక చిన్న ఊరికి ఇంతకంటే పెద్ద మేలు ఏముంటుంది!

నవ్వకండి. నేను ఆలోచించే అంటున్నాను.

గెలిచే జట్టున్న ఊళ్ల అవస్థ మీరు చూశారా? మా పక్కనే సెయింట్ ఆల్డెన్ ఉంది. శనివారం వచ్చిందంటే అక్కడ కారు నిలపడానికి చోటుండదు. పంటి నొప్పి వస్తే చూసే నాథుడుండడు. అక్టోబర్‌లో పెళ్లి పెట్టుకుంటే పాదిరి కూడా చెవిలో రేడియో దోపుకుని వస్తాడు. ఆ మధ్య ఒక పెళ్లికొడుకు, "ఈమెను భార్యగా స్వీకరిస్తున్నావా?" అని పాదిరి అడిగితే, "పట్టుకో, వదలకు!" అని అరిచాడట. పెళ్లికూతురు తనతోనే అన్నాడనుకుని మురిసిపోయింది, పాపం.

మాకా బెడద లేదు. మా పెలికన్లు ఎంత మర్యాదస్తులంటే, ఆటకి నాలుగు క్వార్టర్లుంటే మూడోది సగంలోకి వచ్చేసరికే ఎవరు ఓడిపోతున్నారో అందరికీ అర్థమయ్యేలా ఆడతారు. జనం హాయిగా లేచి చర్చి నేలమాళిగకి నడుస్తారు. అక్కడ మాంసం, చిక్కుడు గింజలు కలిపి ఉడికించిన చిల్లీ, దాల్చినచెక్క రోల్స్ వేడివేడిగా ఉంటాయి. సూర్యుడుండగానే ఇల్లు చేరి, మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. దానివల్ల అన్ని ఇళ్లలోనూ మంచే జరిగిందని ప్రమాణం చెయ్యలేను గానీ, అవకాశమైతే దొరుకుతోంది కదా!

ఇక మా జట్టుకి బయట ఉన్న గౌరవం సంగతి! పూర్వ విద్యార్థులందరూ తిరిగొచ్చే పండగ రోజున ఏ కాలేజీ అయినా ఎలాంటి అతిథిని పిలుచుకుంటుంది? బుద్ధిగా ఓడిపోయే అతిథిని. ఈ ఏడాది మా కోసం మూడు కాలేజీలు పోటీపడ్డాయి. ఒకచోట కోచ్ హాగన్ బస్సు దిగాడో లేదో, వెండి జుట్టు పెద్దావిడ ఒకరు వచ్చి కావలించుకుంది.

"వచ్చారా నాయనా! మీరొచ్చారు, ఇంక మాకు బెంగలేదు" అంది.

గెలిచే జట్లను ఎవరైనా ఇలా కావలించుకుంటారా?

అన్నిటికంటే ముఖ్యం మా గోల్ కొయ్యలు. గొప్ప గెలుపు దక్కిన ఊళ్లలో జనం మైదానంలోకి దూకి, కొయ్యలు పీకి, ఊరేగించి ఏట్లో పడేస్తారు. మా కొయ్యలను మా నాన్న కాలం నుంచి ఎవరూ ముట్టుకోలేదు. పిచ్చుకలు తరతరాలుగా ధైర్యంగా కాపురాలు చేసుకుంటున్నాయి.

ఇన్ని సుఖాలు అర్థం కానివాడు మా ఊళ్లో ఒక్కడే. వాడి పేరు కర్టిస్ నైగార్డ్. కాలేజీలో ఇది వాడికి నాలుగో ఏడు, ఆఖరి ఏడు. ప్రతిసారీ బంతిని కాళ్ల సందుల్లోంచి వెనక్కి అందించడం, మీదికొచ్చే కొండల్లాంటి మనుషుల్ని ఛాతీతో ఆపడం వాడి పని. నాలుగేళ్లు ఆపాడు. గెలుపంటే ఎలా ఉంటుందో ఎరగడు. ఆఖరి ఆట సెయింట్ ఆల్డెన్‌తోనే, మా మైదానంలోనే. ఆ వారం నేను కెఫేలో కూర్చుని ఊరి పేపరుకి రాసుకుంటుంటే నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"సార్, పేపర్లో ఒక్క ముక్క రాస్తారా? శనివారం జనాన్ని చివరిదాకా కూర్చోమని."

"ఎందుకయ్యా? కొంపదీసి గెలుస్తారా ఏంటి?"

"అది చెప్పలేం సార్. కానీ తలెత్తి చూస్తే వెళ్లిపోయేవాళ్ల వీపులే కనిపిస్తున్నాయి. అవి చూస్తూ ఎట్లా ఆడేది? ఒక్కటి, ఒక్క ఆట గెలిచి పోవాలనుంది సార్. అంతే."

రాశాను. నా రాత మహిమో, ఆట అయ్యేదాకా చిల్లీ గిన్నె మూత తీసేది లేదని చర్చి ఆడవాళ్లు చేసిన ప్రకటన మహిమో తెలీదు గానీ, ఆ శనివారం ఒక్కడు లేస్తే ఒట్టు!

మా వాళ్లు ఆడారు. మేం చూస్తున్నందుకు ఆడారో, ఎప్పుడూ అలాగే ఆడుతుంటే మేం చూడలేదో! ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా పధ్నాలుగు, పదమూడు. పధ్నాలుగు మాది! బంతి సెయింట్ ఆల్డెన్ చేతిలో ఉంది. వాళ్లు విసిరిన ఆఖరి విసురుని మా వాడొకడు గాల్లోనే కొట్టేశాడు. బంతి నేలబడింది. గడియారం ఆగింది.

అలా బంతి నేలబడితే గడియారం ఆగుతుందే గానీ ఆట అయిపోదు. ఇంకా మూడు సెకన్లు మిగిలున్నాయి. ఇది పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి, చివరిదాకా కూర్చునే ఊళ్లలో. మా ఊరికి ఆట ముగింపు ఎలా ఉంటుందో ఏం తెలుసు?

ముందు కంచె దూకింది హార్డ్‌వేర్ దుకాణం ఆర్లో. అరవయ్యేళ్ల మనిషి, రెండు చేతుల్లోనూ రెండు పెద్ద స్పానర్లు!

"గెలిచాం రా! రండర్రా, కొయ్యలు పీకండి!"

ఆయన వెనక పళ్ల డాక్టరు, చర్చి పాటల బృందం, పెలికన్ వేషం కట్టిన మనిషి, ఊరు ఊరంతా. కర్టిస్ రెండు చేతులూ ఊపుతూ ఎదురొచ్చాడు.

"ఆగండి! అయిపోలేదు! వెనక్కి పొండి, మీకు దణ్ణం పెడతా!"

ఆ హోరులో వాడి మాట ఎవరికి వినపడింది? చేతులు చాపి రమ్మంటున్నాడనుకుని జనం ఇంకా వేగంగా పరిగెత్తారు. నలుగురైతే వాడిని భుజాలకెత్తుకున్నారు కూడా. వాడు పైనుంచి ఏడుస్తున్నాడు. ఆనందబాష్పాలనుకున్నారు.

రిఫరీ ఈల ఊదాడు. సొంత ప్రేక్షకుల దండయాత్రకు శిక్షగా బంతిని పదిహేను గజాలు మా గోల్ కొయ్యల వైపు జరిపాడు. అంతకు ముందున్న దూరం నుంచి కొయ్యల మధ్యకు తన్నే మొనగాడు సెయింట్ ఆల్డెన్‌లో లేడు. ఈ కొత్త దూరం నుంచి ఉన్నాడు. అడ్డకొయ్య మీద కూర్చున్న ఆర్లోని ఇద్దరు పోలీసులు బతిమాలి దించాక, ఆ కుర్రాడొచ్చి తాపీగా తన్నాడు. మూడు పాయింట్లు. పదహారు, పధ్నాలుగు.

చిల్లీ గిన్నె మూత తీశారని కబురొచ్చింది. మైదానం నిమిషాల్లో ఖాళీ అయింది. కర్టిస్ గడ్డి మీదే కూర్చుని చేతివేళ్ల పట్టీలు ఊడదీసుకుంటున్నాడు. ఆర్లో దగ్గరికెళ్లి గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోకురా కర్టిస్. గెలిచేశామనుకున్నాం."

"గెలిచాం బాబాయ్" అన్నాడు వాడు తలెత్తకుండా, "మీరొచ్చేదాకా."

తిట్టినా బాగుండేది. ఆ రోజు నాకు చిల్లీ సహించలేదు.

సోమవారం కాలేజీ పాలకవర్గం సమావేశమైంది. సీజనంతా ఓడినందుకు కోచ్ హాగన్‌ని తీసేసి కొత్తవాణ్ణి వెతకాలని తీర్మానించింది. ఊరంతా సబబే అంది. ఆ మనిషికి ఆట తెలియదట! ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు ఆ శనివారం ఏం తప్పు చేశారో నాకెవరూ చెప్పలేదు. కర్టిస్ మే నెలలో పట్టా పుచ్చుకుని, ఒక్క గెలుపూ లేకుండా ఊరొదిలి వెళ్లిపోతాడు. దీన్ని కూడా మేలనడానికి నాకు నోరు రావడం లేదు.

అయ్యా పాలకవర్గం వారూ! ఎవరో ఒకరిని తీసెయ్యకపోతే మీకు నిద్రపట్టదనుకుంటే, ఆ కోచ్‌ని ఉండనిచ్చి మమ్మల్ని తీసెయ్యండి.