రాజుగారి దమ్ముకు మూడు పరీక్షలు

అమలాపురం ప్రభాత నడక సంఘం అధ్యక్షులు శ్రీ బంగారరాజు గారు హైదరాబాదు మారథాన్‌లో పరిగెత్తడానికి దయతో అంగీకరించారు. పరిగెత్తమని ఆయన్ను ఎవరు అడిగారన్నది అప్రస్తుతం. పెద్దవాళ్లు అంగీకరించడమే ముఖ్యం. అడిగే మనుషులు తర్వాతైనా దొరుకుతారు.

ఇది 2005 నాటి మాట. రాజు గారికి ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువులున్నాయి, అమలాపురంలో మేడ ఉంది, ఒంట్లో షుగరు ఉంది. డాక్టరు గారు రోజూ నడవమన్నారు. ఒక్కరే నడిస్తే హోదాకు తగదు కనుక ఆయన సంఘం పెట్టారు. సభ్యులమైన మేమంతా పొద్దున్నే మైదానానికి చేరి, రెండు చుట్లు తిరిగి, ఆ అలసట తీరేదాకా పెసరట్టు ఉప్మా తినేవాళ్లం. ఒకరోజు పెసరట్టు వచ్చేలోపు రాజు గారు పేపరు తిరగేస్తూ, నలభై రెండు కిలోమీటర్లు పూర్తి చేసిన ప్రతి ఒక్కరికీ పతకం ఇస్తారని చదివారు. ఇన్నాళ్లు నడిచినా తనకెవరూ ఏమీ ఇవ్వలేదన్న సంగతి ఆయనకు అప్పుడే తట్టింది.

“వీధి చివర మందుల షాపుకి కూడా కారు తీస్తారు కదండీ మీరు,” అన్నారు ఆయన భార్య భవానీదేవి గారు. ఈ అభిప్రాయాన్ని సంఘం పరిగణనలోకి తీసుకోలేదు.

శిక్షణ కోసం కొత్తపేట నుంచి పుష్పలత అనే వ్యాయామ టీచరును పిలిపించాం. ఆవిడ చాలా ఏళ్లుగా ఏటిగట్టు మీద ఒంటరిగా పరిగెత్తుతూ ఉండేది. అదే మారథాన్‌కు తానూ పేరిచ్చింది. ఆడమనిషి గట్టు వెంట ఎందుకు పరిగెత్తుతోందా అని ఊళ్లో మొదట్లో ఆరా తీశారట. వెనక ఎవరూ తరమడం లేదని తేలాక ఆసక్తి పోయి ఊరుకున్నారట.

“చిన్న పందేలు పరిగెత్తి చూసుకోవాలండి,” అని ఆవిడ రాజు గారికి చెప్పింది. “ముందు ఐదు కిలోమీటర్లు, తర్వాత పది, ఆ తర్వాత ఇరవై ఒకటి. మనం ఎంతలో ఉన్నామో ఒళ్లే చెప్పేస్తుందండి. ఆ మాట ఐదో కిలోమీటరు దగ్గరే వినేస్తే మంచిది. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర వింటే లాభం లేదండి.”

సంఘం ఈ సలహాను ఏకగ్రీవంగా ఆమోదించింది. మా కార్యదర్శి వీరవెంకటరమణ గారు ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. అధ్యక్షుల వారి దమ్ము ఎంతో నిష్పక్షపాతంగా తేల్చే బాధ్యత తనదని ప్రకటించి, అది చాలా ఎక్కువని తేలడానికి కావలసిన ఏర్పాట్లు మొదలుపెట్టారు.

ఐదు కిలోమీటర్ల పందెం ఎర్రవంతెన దగ్గర కొబ్బరికాయ కొట్టి ప్రారంభించాం. కాలేజీ కుర్రాళ్లు, రొయ్యల మేత వ్యాపారులు, రాజు గారి చెరువుల మీద పనిచేసేవాళ్లు బాగానే వచ్చారు. పరుగు మొదలయ్యాక మాత్రం, పెద్దాయన్ని దాటి వెళ్లడం మర్యాద కాదని ఎవరికి వారికే తోచింది. మా ప్రాంతపు మర్యాద మీరు ఎరగనిది కాదు. రాజు గారు నడిస్తే జనమంతా నడిచారు. ఆయన బూటు లేసు కట్టుకోవడానికి వంగితే, లేసులు లేనివాళ్లు కూడా వంగారు. జిల్లా పోటీల్లో నెగ్గిన ఒక కుర్రాడు మాత్రం పొరపాటున చాలా దూరం ముందుకు పోయి, తన తండ్రి కౌలుకు చేస్తున్న చెరువు రాజు గారిదని గుర్తొచ్చి, అంత దూరమూ వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. అందరికంటే ఎక్కువ దూరం పరిగెత్తింది అతనే. చివరి స్థానం వచ్చిందీ అతనికే.

రాజు గారు ప్రథములుగా నిలిచారు. శాలువాలు కప్పడానికి పట్టిన సమయం పరుగుకు పట్టిన సమయాన్ని మించింది. సభ ముగిశాక పుష్పలత ఆయన దగ్గరకు వెళ్లి, ఇది పరీక్ష కిందకు రాదని, అసలక్కడ ఎవరూ పరిగెత్తలేదని మెల్లగా చెప్పింది.

“ఆయ్, ఫస్టు ఫస్టేనండి మేడమ్ గారూ,” అన్నారు రాజు గారు.

పది కిలోమీటర్ల పందెంలో ఆవిడ తానే దిగింది. తన వేగంతో పోల్చుకుంటే రాజు గారికి ఆయన సంగతి తెలుస్తుందని ఆవిడ ఆశ. ఆవిడ గడియార స్తంభం చేరేసరికి మేమింకా షామియానా కడుతున్నాం. రిబ్బను కట్టలేదు కనుక పందెం ముగిసే వీల్లేదని, కాస్త పక్కన నిలబడమని కార్యదర్శి గారు మర్యాదగా కోరారు. ఆవిడ నిలబడింది. మేము ఇడ్లీలు తిన్నాం. చాలాసేపటికి రాజు గారు స్కూటరు వెనక సీటు మీద వచ్చి, మలుపులో దిగి, చివరి పదిగజాలు అద్భుతంగా పరిగెత్తి రిబ్బను తెంపారు.

స్కూటరు విషయమై ఎవరో గొణిగారు. రోడ్డు మీద గుంతలున్నంత మేరకే ఎక్కారనీ, గుంతలు రాజు గారు తవ్వినవి కావనీ, కాబట్టి వాటిని ఆయన దమ్ములోంచి తగ్గించడం సహజ న్యాయానికి విరుద్ధమనీ కార్యదర్శి గారు తీర్పు చెప్పారు. గుంతలు ఎంత మేర ఉన్నాయని అడిగితే, రోడ్డంతా అన్నారు. పుష్పలతకు మహిళా విభాగంలో ప్రథమ బహుమతిగా స్టీలు క్యారేజీ ఇచ్చాం. ఆ విభాగంలో ఆవిడ ఒక్కతే కనుక పోటీ పెద్దగా లేదని వేదిక మీద గుర్తుచేశాం కూడా.

మూడోది ఇరవై ఒక్క కిలోమీటర్లు. ఇక్కడ కార్యదర్శి గారి సర్వీసు అనుభవం అక్కరకొచ్చింది. అధ్యక్షులు ఇదివరకే ఒకసారి ఐదు, మరోసారి పది పూర్తి చేశారు, వెరసి పదిహేను. కాగా ఇక మిగిలింది ఆరే. ఆ ఆరూ పరిగెత్తితే ఇరవై ఒకటీ పరిగెత్తినట్టే. ఈ లెక్కలో తప్పు పట్టగలవారు సంఘంలో లేరు. ఉన్నవారు ఆ రోజు పెసరట్టు తింటున్నారు.

ఆ ఆరింటిలో నాలుగు గడిచాక రాజు గారు కాలువ పక్కన కల్వర్టు మీద కూలబడ్డారు. ముఖం పాలిపోయింది. అనుచరులు కొబ్బరి బోండాల కోసం పరుగుతీశారు. మా పందేలన్నిటిలోనూ జనం నిజంగా పరిగెత్తింది ఆ ఒక్కసారే. పుష్పలత ఆయన పక్కన కూర్చుని, ఊపిరి నెమ్మదిగా తీసుకోమంటూ వీపు నిమిరింది.

“నిజం చెప్పమ్మా, నేను పరిగెత్తగలనా?” అని ఆయన అడిగారు. ఆ గొంతు మేము ఎప్పుడూ విననిది.

“ఈ మైకు, ఈ జనం లేకుండా నాతో రండి. ఏడాది తిరిగేసరికి పది కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తుతారండి. ఇప్పుడు మాత్రం హైదరాబాదు వద్దండి.”

రాజు గారు తల ఊపారు. బహుశా ఒప్పుకునేవారే. అంతలో మైకు కట్టిన జీపు వచ్చి, అధ్యక్షుల వారు మార్గమధ్యంలో కాలువ పూడికను పరిశీలిస్తున్నారని ప్రకటించింది. జనం చప్పట్లు కొట్టారు. రాజు గారు లేచి పూడికను పరిశీలించారు. మిగిలిన రెండు కిలోమీటర్లనూ ఆ పరిశీలన కింద జమకట్టి, ఆయన్నే ప్రథములుగా ప్రకటించాం.

హైదరాబాదుకు బస్సు వేసుకుని వెళ్లాం. అక్కడ వేలమంది పరిగెత్తారు గాని మర్యాద తెలిసినవాడు ఒక్కడూ లేడు. అందరూ రాజు గారిని దాటుకుపోయారు. నెరిసిన జుట్టు ఆవిడొకరు చీర కుచ్చెళ్లు దోపుకుని దాటిపోయారు. తాను అమలాపురం బంగారరాజునని ఆయన పక్కవాడికి చెబితే, వాడు “ఆల్ ది బెస్ట్ అంకుల్” అని వెళ్లిపోయాడు. ఎనిమిదో కిలోమీటరు దగ్గర రాజు గారు పడిపోయారు. ఆస్పత్రిలో సెలైను పెట్టి, ప్రాణానికి భయం లేదన్నారు. భవానీదేవి గారు మంచం పక్కన కూర్చుని సెలైను చుక్కలు లెక్కపెట్టారు. అది చూసి ఆయనకు భయమేసింది.

పుష్పలత నలభై రెండూ పూర్తి చేసింది. కుంటుకుంటూ ఆస్పత్రికి వచ్చి, పతకం సంచిలో వేసుకుని, మా బస్సులోనే వెనక సీట్లో కూర్చుని తిరిగొచ్చింది.

ఊళ్లో బ్యాండుమేళంతో స్వాగత సభ జరిపాం. మూడు పరీక్షల్లో నిరూపితమైన దమ్మును నాలుగోది కాదన్నందున, మూడుకు ఒకటి తేడాతో మారథాన్ ఫలితం వీగిపోయిందని కార్యదర్శి గారు తీర్మానం చదివారు. తర్వాత రాజు గారు మైకు అందుకున్నారు.

“నాకు దమ్ము లేదండి,” అన్నారు. “ఎనిమిదో కిలోమీటరు దగ్గర పడిపోయేను. అంతకుముందు గెలిచినవి కూడా గెలుపులు కావండి. మొత్తం పరిగెత్తింది ఈ టీచరు గారు. ఆ దండలు ఆవిడకి వెయ్యండి.”

సభ దద్దరిల్లింది. ఎంత వినయమని కొందరు కళ్లు ఒత్తుకున్నారు. ఆ వినయానికి మెచ్చి మిగిలిన దండలన్నీ ఆయనకే వేశాం. దండల పళ్లెం పట్టుకోవడానికి మనిషి కావలసి వచ్చి, దాన్ని పుష్పలతకు ఇచ్చాం. చప్పట్లు కొట్టకుండా కూర్చున్నది భవానీదేవి గారొక్కరే.

ఆ తర్వాత రాజు గారు మైదానానికి రావడం మానేశారు. కొత్తపేట వెళ్లి పుష్పలత దగ్గర నేర్చుకునే హైస్కూలు ఆడపిల్లల వెనక పరిగెత్తుతున్నారని తెలిసింది. షుగరు తగ్గిందట. పై సంవత్సరం రాజోలులో ఎవరో పెట్టిన ఐదు కిలోమీటర్ల పందెంలో, స్కూటరు లేకుండా, ఆగకుండా, తన కాళ్ల మీద పూర్తి చేశారు. అందరికంటే ఆఖరున వచ్చారు. అప్పటికి షామియానా విప్పేశారు. అక్కడ మిగిలింది పుష్పలత, భవానీదేవి గారు. భవానీదేవి గారు తన చెంగుతో ఆయన ముఖం తుడిచారట. ఆయన చాలాసేపు నవ్వుతూనే ఉన్నారట.

ఈ వార్త సంఘాన్ని కలవరపెట్టింది. వరసగా మూడుసార్లు ప్రథముడైన మనిషి ఆఖరు స్థానానికి దిగజారాడంటే ఆరోగ్యం పూర్తిగా పాడైందన్నమాట. మానవతా దృక్పథంతో ఆయన్ను అధ్యక్ష బాధ్యతల నుంచి తప్పించి, రైసుమిల్లు దొరబాబు గారిని ఎన్నుకున్నాం. వారికి మోకాళ్లు సహకరించవు. కారులో కూర్చునే మైదానం చుట్టూ తిరుగుతారు. మేము వెనక నడుస్తాం. పొగ కాస్త ముక్కుల్లోకి పోతుంది గాని, ఎవరి దమ్ము ఎంతో తేలే ప్రమాదం లేదు. సంఘంలో ఇంకా ఖాళీలున్నాయి. మీరూ చేరవచ్చు. మీలో చాలామందికి ఈ నడక అలవాటున్నదే.