నోట్లో దిమ్మ, తెరమీద ఫార్మాట్

పదింటికల్లా పన్ను పీకించుకుని, పదకొండింటికి షాపుకు చేరుకోవాలన్నది మెకానిక్ ఆ ఉదయం అనుకున్న లెక్క. కంప్యూటర్లు బాగుచేయడం అతని పని. మూడు రోజులుగా జ్ఞానదంతం సలిపేస్తుంటే దవడ పట్టుకుని ఇంట్లోనే కూలబడ్డాడు. ఇక లాభం లేదని భార్య తనే వెంటబెట్టుకొచ్చి, పళ్ళ డాక్టరుకు అప్పగించి, బయట బల్ల మీద కూర్చుంది.

డాక్టరు నెమ్మదస్తుడు. మత్తు సూది ఇచ్చి, నోరు మూతపడకుండా పళ్ళ మధ్య రబ్బరు దిమ్మ బిగించి, "మొద్దుబారడానికి పది నిమిషాలు పడుతుంది. ఈలోగా వేరు ఎటు వంగిందో మీ పాత ఎక్స్‌రేలో చూసుకుంటాను," అంటూ మూలనున్న కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

కూర్చున్నవాడు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. నిన్న సాయంత్రమే ఆ కంప్యూటరుకు కొత్త సిస్టమ్ ఎక్కించారు. ఇవాళ చూస్తే, ఎక్స్‌రేలు దాచుకునే హార్డ్ డ్రైవు కనబడటం లేదు. పదకొండేళ్ళుగా తన దగ్గరికొచ్చిన దవడలన్నీ అందులోనే ఉన్నాయి.

"సి ఉంది," అన్నాడు డాక్టరు గోడకు చెబుతున్నట్టు. "డి ఏది?"

మెకానిక్ మనసులో నవ్వుకున్నాడు. సిస్టమ్ మార్చాక డ్రైవుకు పేరుగా ఉండే అక్షరం ఊడిపోవడం అతను వారానికి రెండుసార్లు చూసే జబ్బే. డిస్కు లోపల నిక్షేపంలా ఉంటుంది. మళ్ళీ ఓ అక్షరం తగిలిస్తే చాలు, లేచి కూర్చుంటుంది. ఆ ముక్కే చెప్పబోయాడు. "ఆఁ... ఊఁ... ఆఁ" అని మాత్రమే బయటికొచ్చింది.

నర్సు పరుగున వచ్చి గడ్డం కింద బేసిను పట్టింది. అతను తల అడ్డంగా ఊపి, దిమ్మ తీసేద్దామని చెయ్యెత్తాడు. అది తీయకూడదని ఆమె ఆ చెయ్యి పట్టేసుకుంది. రెండో చేత్తో గాల్లో కీబోర్డు నొక్కి చూపించాడు. వేళ్ళు వణుకుతున్నాయనుకుని ఆమె బీపీ పట్టీ చుట్టింది.

బీపీ నిజంగానే పెరిగింది. ఎందుకంటే అప్పటికే డాక్టరు తన తోడల్లుడికి ఫోన్ చేశాడు. ఫోన్లో అక్షరాలు పెద్దవి చేయడం తెలిసిన పాపానికి ఆయన్ని చుట్టాలంతా కంప్యూటర్ నిపుణుడంటారు. ఆయన చెప్పినట్టల్లా డాక్టరు వైరు పీకాడు, పెట్టాడు, మరో రంధ్రంలో దూర్చాడు. చివరికి డిస్కులన్నీ వరసగా కనబడే కిటికీ ఒకటి తెరిచాడు. డ్రైవు అక్కడుంది. అక్షరం మాత్రం లేదు. వేలు పెట్టి చూపించగలిగినంత దగ్గర్లో ఉంది వైద్యం.

మెకానిక్ కలం కావాలన్నట్టు అరచేతిలో రాసి చూపించాడు.

"ఆస్తులు రాసివ్వాల్సినంత ప్రమాదం ఏమీ లేదన్నయ్యా," అంది నర్సు జాలిగా. ఆ జాలితోనే బయటికెళ్ళి, మీవారు ఏదో రాసిచ్చేయాలని తొందరపడుతున్నారని అతని భార్యకు చెప్పింది. విన్న భార్య సంచీ పట్టుకుని తలుపువైపు లేచింది. ఆమె పక్కన వరసలో కూర్చున్న ఇద్దరు మాత్రం తమ పళ్ళు అంతగా నొప్పెట్టడం లేదని గుర్తొచ్చి, లేచి వెళ్ళిపోయారు.

లోపల ఫోను స్పీకరులో తోడల్లుడి గొంతు ఖంగుమంటోంది. "కుడి బటన్ నొక్కితే ఫార్మాట్ అని వస్తుంది చూడండి. అది నొక్కేయండి. డ్రైవు కడిగిన ముత్యంలా వస్తుంది."

ఫార్మాట్ అంటే ఉన్నదంతా చెరిపేయడమని మెకానిక్‌కు తెలుసు. కడిగిన ముత్యమే, అందులో ఒక్క దవడా మిగలదు. డాక్టరు బాణం గుర్తును మెల్లగా ఆ మాట మీదికి తీసుకెళ్తున్నాడు. ఇక లాభం లేదని మెకానిక్ ఒక్క గెంతు గెంతాడు. చేతికి బీపీ పట్టీ, మెడలో గుడ్డ, పెదవికి వేలాడే ఉమ్ము లాగే గొట్టం, నోట్లో దిమ్మ. వాటన్నిటితో వెళ్ళి మౌసు మీద పడ్డాడు.

డాక్టరు కుర్చీతో సహా గోడకు కొట్టుకున్నాడు. పదకొండేళ్ళలో పేషెంట్లు పారిపోవడం చూశాడుగానీ, మీద పడటం ఇదే మొదలు.

అప్పుడే లోపలికొచ్చిన భార్య భర్త చేతిలో మౌసు చూసి ఊపిరి పీల్చుకుంది. "భయపడకండి డాక్టరుగారూ, ఆయన చేసే పనే అది."

మెకానిక్ ఫార్మాట్‌ను వదిలి దాని పక్కనే ఉన్న అక్షరాల వరస తెరిచి, డి తగిలించాడు. ఎక్స్‌రేలన్నీ బిలబిలమంటూ వచ్చేశాయి. డాక్టరు అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ తర్వాత పన్ను పీకడానికి పట్టింది పది నిమిషాలే. పంటి కింద దూది పెట్టి, గంటసేపు నోరు విప్పొద్దని జాగ్రత్త చెప్పాడు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. డాక్టరుకు కోపం అప్పుడొచ్చింది. "నిన్న దీన్ని ఇలా తగలేసి వెళ్ళినవాణ్ని వదలను. ఇదిగో, రసీదు కూడా ఉంది. ఈ షాపు మీకేమైనా తెలుసా?"

రసీదు మీద ముద్ర మెకానిక్ షాపుదే. కింద సంతకం, ఈ మూడు రోజులూ షాపు చూసుకుంటున్న అతని బావమరిదిది. తమ్ముడి సంతకం గుర్తుపట్టిన భార్య, గోడ మీది పళ్ళ బొమ్మను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది.

మెకానిక్ దూదిని గట్టిగా కొరికిపట్టి, డాక్టరుగారి జాగ్రత్తను అక్షరాలా పాటించాడు.