రక్తపిశాచికి రక్షణ: దరఖాస్తు పరిశీలనలో ఉంది

దేవుని కృపకు హద్దులు లేవు. రక్షణ కార్యాలయానికి మాత్రం ఉన్నాయి, మధ్యాహ్నం భోజన విరామం కూడా ఉంది. మానవజాతి ఇంతవరకూ చేసిన ఘనకార్యాలన్నింటిలోకీ గొప్పది ఏదంటే, అనంతమైనదాన్ని తీసుకొచ్చి ఒక కౌంటరు వెనక కూర్చోబెట్టి, ముందు ఊచలు బిగించడమే.

ఆ ఊచల ముందుకి ఒక చలికాలపు సాయంత్రం, ఎండ పూర్తిగా పోయిందని రెండుసార్లు ఆకాశం చూసుకుని మరీ, కర్టెన్లు కుట్టే దర్జీ తాతయ్య వచ్చాడు. ఆయన రక్తపిశాచి. (కంగారు పడకండి, మీకంటే ఆయనే ఎక్కువ కంగారులో ఉన్నాడు.) పూర్వమెప్పుడో, ఎండ పొడ గిట్టని ఒక బంగళాకి కిటికీల కొలతలు తీయడానికి వెళ్ళి, కొలతలతో పాటు మెడ మీద ఒక కాటు కూడా తెచ్చుకున్నాడు. అప్పటినుంచి ఆయన వయసు అరవై దగ్గరే ఆగిపోయింది. మనుషుల జోలికి పోవడం ఏనాడో మానేశాడు. బ్లడ్ బ్యాంకులో నర్సుగా చేసే మనవరాలు గడువు తీరిన ప్యాకెట్లు తెచ్చి ఫ్రిజ్‌లో పెడితే, వాటితోనే గుట్టుగా నెట్టుకొస్తున్నాడు. మనవరాలంటే అసలు మనవరాలు కాదు. మునిమనవరాలు దాటాక వరసలకి పేర్లు దొరక్క ఇద్దరూ ఆ పిలుపు దగ్గర రాజీ పడ్డారు.

ఆయన కోరిక చిన్నదే. భార్య విశ్వాసంలో కన్నుమూసి పరలోకం చేరింది. తనూ అక్కడికి వెళ్ళాలి. బాప్తిస్మం పొందిన పిశాచికి ఆ రోజు నుంచి మళ్ళీ వయసు నడుస్తుందని, అందరిలాగే ముసలివాడై అందరిలాగే పోతాడని ఆయన విన్నాడు. మోకాళ్ళు పట్టేస్తే చాలు, చూపు మందగిస్తే చాలు, దారిలో పడ్డట్టే. ఆవిడంటే ఆయనకి ఇప్పటికీ ప్రాణం. ప్రాణం లేని మనిషికి అంతకంటే ఆస్తి ఇంకేముంటుంది?

"బతికున్నవాళ్ళ విభాగమా, పోయినవాళ్ళ విభాగమా?" తలెత్తకుండా అడిగాడు కార్యదర్శి.

"మధ్యరకం బాబూ."

"మధ్యరకానికి విభాగం లేదు. ఊపిరి ఆడుతోందా?"

"లేదు. అలవాటు తప్పిపోయింది."

"మరి మాట్లాడుతున్నారుగా?"

"అవసరమైనప్పుడు కాస్త పీల్చుకుంటాను."

కార్యదర్శి కలం కొరుక్కుని, 'అవసరం మేరకు జీవించియున్నాడు' అని రాసుకున్నాడు. (ఆ ముక్క ఆ కార్యాలయంలో చాలామంది ఉద్యోగులకీ సరిపోతుంది గానీ, మనకెందుకు?)

తర్వాత యాప్‌లో ఫొటో తీసుకోమన్నారు. వెంట వచ్చిన మనవరాలు ఫోన్ పట్టుకుంది. తాతయ్య చొక్కా సర్దుకుని, కోరలు కనిపించకుండా మూతి బిగించి కూర్చున్నాడు. తెర మీద కుర్చీ మాత్రం చక్కగా వచ్చింది.

"ముఖం కనబడుటలేదు. వెలుతురులోకి రండి," అంది యాప్.

"వెలుతురులోకి వెళ్తే బూడిదైపోతాను కదే బుజ్జమ్మా!"

"అది అందరికీ అదే చెప్తుందిలే తాతయ్యా, నువ్వేం మనసులో పెట్టుకోకు."

చివరికి ఖాళీ కుర్చీ ఫొటో కింద 'కూర్చున్నది ఇతనే' అని కార్యదర్శి సంతకం పెట్టాడు. కూర్చున్నవాణ్ణి నమ్మని వ్యవస్థ, సంతకాన్ని వెంటనే నమ్మేసింది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఒక వ్యక్తికి ఒకే నిత్యజీవం అన్నది నిబంధన. ఈయన ఇప్పటికే ఒకటి వాడుకుంటున్నాడు. కొత్తది కావాలంటే పాతది తిరిగి అప్పగించాలి. అప్పగించాలంటే చావాలి. పోయినవాళ్ళ విభాగంలో పాత ఫైళ్ళే తప్ప కొత్త దరఖాస్తులు తీసుకోరు. ఈ మెలికని విప్పడానికి ఒక ఉపసంఘాన్ని వేశారు. అది తన పరిధి ఏమిటో తేల్చుకోవడానికి ఇంకో ఉపసంఘాన్ని కోరింది. తాతయ్య ఓపికగా కూర్చుని, ఊరికే ఉండలేక కార్యాలయం కిటికీలన్నింటికీ కర్టెన్లు కుట్టిపెట్టాడు.

ఎట్టకేలకు పెద్దల సంఘం ముందుకి పిలుపొచ్చింది. గోడ మీద సిలువ ఉంది, పిశాచులకి దాన్ని చూడటం పడదు గనక తాతయ్య కళ్ళు మూసుకునే లోపలికి వెళ్ళాడు. ఎంత భక్తో అనుకున్నారు అందరూ.

"ఈయన మనుషుల రక్తం తాగినవాడు," అన్నాడు పెద్దల్లో ఒకాయన, రిటైరైన హెడ్మాస్టరు.

"ఆ కారణం మీద తీసేస్తే ఈ గదిలో కోరం మిగలదు మాస్టారూ," అన్నాడు పాస్టరుగారు.

"మరి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు ఈయనకి ఏమిస్తాం?"

"అందరికీ ఇచ్చేదే. ప్రభువు రక్తం వల్లే రక్షణ అని మనం ప్రతి ఆదివారం చెప్తాం. ఆ మాట నమ్మడానికి మనకంటే ఈయనకే తక్కువ కష్టం." పాస్టరుగారు తాతయ్య వైపు తిరిగాడు. "మీరేమైనా చెప్పుకుంటారా?"

తాతయ్య కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. "అయ్యగారూ, మీ దగ్గరికి అందరూ చావంటే భయపడి వస్తారు. నేను చావలేక వచ్చాను. చేసినవి తప్పులే, కాదనను. వాళ్ళ ముఖాలన్నీ నాకు గుర్తున్నాయి. మీకు రాత్రి నిద్రలోనైనా మరుపు ఉంటుంది, నాకు నిద్ర లేదు. క్షమించమని అడగడానికి వాళ్ళూ లేరు. ఇక ఆ పైనున్న ఆయనే క్షమించాలి."

హెడ్మాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పశ్చాత్తాపం ఉంటే కోరలు అడ్డు కావని, పాత నిత్యజీవం బాప్తిస్మం రోజున అప్పగిస్తే చాలని, ఈ దరఖాస్తుదారుడు రక్షణకి సంపూర్ణంగా అర్హుడని తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. బయటికొచ్చి మనవరాలు తాతయ్యని వాటేసుకుని ఏడ్చేసింది.

ఇక మిగిలింది వరస ఒక్కటే. బాప్తిస్మపు తొట్టె ఒకటి, కోరేవాళ్ళు బోలెడుమంది. అందుకని ఎవరికి చావు దగ్గరగా ఉంటే వాళ్ళని ముందు పిలవాలన్నది పద్ధతి. ఇంతకంటే న్యాయమైన పద్ధతి ఇంకోటి చెప్పమంటే ఎవరమూ చెప్పలేం. దగ్గుతూ ఒకరు వచ్చారు, తాతయ్య జరిగాడు. చక్రాల కుర్చీలో ఇంకొకరు వచ్చారు, తనే తోసుకెళ్ళి ముందు పెట్టాడు. ఒకరోజు మరీ ముందుకి వచ్చేసి, తొట్టెలో నీళ్ళు కూడా చూశాడు. అంతలో కడుపునొప్పితో ఒకాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"మా తాతయ్య ఎన్నాళ్ళనుంచి తిరుగుతున్నాడో తెలుసా మీకు?" అని మనవరాలు మండిపడింది.

"చచ్చిపోయేవాళ్ళని వెనక్కి నెట్టి ముందుకి రమ్మంటారా అమ్మా? రక్షణ కోరేవాళ్ళు అడగాల్సిన మాటేనా ఇది?" అన్నాడు కార్యదర్శి.

తాతయ్యే సిగ్గుపడి, ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

అలా జరుగుతూనే ఉన్నాడు. మనవరాలి జుట్టు నెరిసింది. తోడుగా తనూ ఒక దరఖాస్తు పడేసి ఉంచింది. ఒకరోజు డాక్టరు ఆమె రిపోర్టు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ వారమే ఆమెకి పిలుపొచ్చింది.

"నువ్వు వెళ్ళు తాతయ్యా, నా బదులు."

"నీ చావు నేను తీసుకోకూడదే తల్లీ. వెళ్ళు. మీ నాయనమ్మ కనిపిస్తే బయలుదేరానని చెప్పు."

ఆమెని మట్టి చేసిన మర్నాడు, చీకటి పడగానే తాతయ్య కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. ఇప్పుడు కొత్త కార్యదర్శి, ఒక కుర్రాడు, ఉన్నాడు. (పాతాయన తన వంతు రాగానే వెళ్ళిపోయాడు.)

"నాకిక ఇక్కడ ఎవరూ లేరు బాబూ. నా వంతు ఎప్పుడొస్తుంది?"

కుర్రాడు కంప్యూటర్లో చూశాడు. మంచివాడు, మర్యాదస్తుడు. "చావు ఉన్నవాళ్ళంతా అయిపోగానే మీదే తాతయ్యా. మీ తర్వాత ఇంకెవరూ లేరు."

"అందరూ పోయాక నాకు బాప్తిస్మం ఇచ్చేదెవరు?"

"ఎవరో ఒకరు డ్యూటీలో ఉంటారు లెండి."

తాతయ్యకి ఏడుపొచ్చింది. కుర్రాడికి జాలేసింది. లేచి ఊచల్లోంచి చెయ్యి చాచి ఆయన భుజం తట్టాడు.

"మీకు రక్షణ ఖాయం తాతయ్యా. అందాకా ఆరోగ్యం జాగ్రత్త."