ఏనుగు మోకాలి గీత

నేను పెద్దగా చదువుకోలేదు. అందుకే నా కథల్లో తప్పులన్నీ సొంతంగా చేసినవే, ఎక్కడా అరువు తెచ్చినవి కావు. ఆపాటి నిజాయితీ ఉంది గనకే ఈ కథ చెబుతున్నా.

ఒక పెద్ద అడవిలో ఏటా వాగు పొంగేది, ఏటా కుందేలు బొరియ కొట్టుకుపోయేది. ఈసారి దానికి అయిదు పిల్లలు, ఇంకా కళ్లు తెరవలేదు. పాపం, పంచాయతీకి వెళ్లి మొరపెట్టుకుంది.

ప్రెసిడెంటు ఏనుగు. కార్యదర్శి తొండ. తల ఊపడమే దాని అర్హత.

"వాగొడ్డు మద్దిచెట్టుకు ఎర్రగీత గీయిస్తాను. నీళ్లు దాన్ని తాకితే ప్రమాదం. అప్పుడందరూ గుట్టెక్కండి" అంది ఏనుగు.

"గీత ఎంతెత్తులో అయ్యా?"

ఏనుగు చెట్టు పక్కన నిలబడి చూసుకుంది. "మోకాలిదాకా వస్తే నాకు కాస్త ఇబ్బంది. ఇక్కడ గియ్యవోయ్."

తొండ తల ఊపి గీసేసింది.

"తమరి మోకాలిదాకా వస్తే మేం అడుగున ఉంటాం కదయ్యా!"

"చూడమ్మా, నీకో గీత, ఉడతకో గీత, కప్పకో గీత అంటే చెట్టు చాలుతుందా? ప్రమాదం అందరికీ ఒకటే."

"గీత తడవకముందే గుట్టెక్కితే పుకార్లు లేపినట్టే. నోటీసు ఇస్తాం" అని తొండ చేర్చింది.

వాన పట్టుకుంది. మూడోనాడు చీమలు గుడ్లు కరుచుకుని గుట్టెక్కుతుంటే కుందేలు చూసింది. వాటి వెనకే తన పిల్లల్ని ఒక్కొక్కటే మోసింది. అయిదోదాన్ని తీసుకెళ్తుంటే తొండ అడ్డొచ్చింది.

"గీత తడవలేదు! నోటీసు రాస్తున్నా!"

కుందేలు పిల్లను కింద దించింది. "రాయి నాయనా. గుట్టమీదికి తెచ్చివ్వు" అని మళ్లీ నోట కరుచుకుని చక్కా పోయింది. అది చూసి అడవంతా ఎక్కేసింది.

ఏనుగు మాత్రం గీత దగ్గరే నిలబడింది. నిబంధన పెట్టిన పెద్దమనిషే తప్పితే ఎలా? నీళ్లు మోకాలు తాకాయి.

"ప్రమాదం! అందరూ కదలండి!" అని ఘీంకరించింది.

కదలాల్సింది తానొక్కటే. కాళ్లేమో బురదలో దిగబడిపోయాయి. తొండ దాని నెత్తినెక్కి తల ఊపుతోంది.

గుట్టమీంచి కుందేలు కేకేసింది. "అయ్యా, మొదలైందా?"

వరద తీశాక అడవంతా తీగలు కట్టి లాగితే ఏనుగు బయటపడింది. ఒళ్లు కడుక్కోకుండానే సమావేశం పెట్టింది.

"గీత మరీ కిందుండబట్టే మునిగింది. ఈసారి నా చెవిదాకా పెంచుదాం."

తీర్మానం ఏకగ్రీవం. కుందేలు ఆ సమావేశానికి గుట్ట దిగనేలేదు.

నీతి: ప్రమాదం తగ్గించడం చేతకానివాడు గీతనైనా పెంచాలి.

నాకు మాత్రం మడమ తడిస్తే లేవాలో, మోకాలు తడిస్తే లేవాలో ఇప్పటికీ తెలీదు.