బొట్టుకూ నోటీసే

"నీటి పరిరక్షణార్థము, కార్యవర్గము ఏ ఫ్లాటులోనికైనను, ఏ వేళనైనను, ముందస్తు నోటీసు లేకుండా ప్రవేశించు అధికారము కలిగియున్నది."

హిందూపురం నందిని అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర ఈ కాగితం వెలిసింది. కింద సెక్రటరీ చంద్రశేఖర్ సంతకం, దాని కింద రెండు గీతలు.

కారణం న్యాయమైనదే. రోజు విడిచి రోజు పొద్దున ఆరింటికి వచ్చే మంచినీళ్లు మూడో అంతస్తు ఎక్కడం మానేశాయి. ఎవరో పైపుకు దొంగ మోటరు పెట్టినారు. పట్టుకోవాల.

మోకాళ్ల నొప్పితో నెల్లాళ్లుగా కింది నుంచి బిందెలు మోస్తున్న మూడో అంతస్తు ఉమారాణి అందరికన్నా సంతోషించింది. చంద్రశేఖర్ మొదట ఆమె ఇంట్లోకే వచ్చాడు. చెప్పులతో.

"నీళ్లే రాని ఇంట్లో మోటరు యాడుంటాది సార్?"

"రూలు అందరికీ ఒకటే కదమ్మా" అంటూ బీరువా తెరిచి చూశాడు. పొయ్యి మీది ఉగ్గాని పిడికెడు నోట్లో వేసుకొని, "ఉప్పు తక్కువుండాది" అని తనిఖీ ముగించాడు.

అట్లా పదకొండు ఇళ్లు చూశాడు. మోటరు దొరకలేదు. అపార్ట్‌మెంటులో ఇళ్లు పన్నెండు.

"మీ ఇల్లు సార్?" అంది ఉమారాణి.

"కార్యవర్గం ఇంట్లోకి కార్యవర్గమే దూరితే ఏం పద్ధతమ్మా?"

శ్రావణ శుక్రవారం నీళ్ల రోజే పడింది. వరలక్ష్మి వ్రతానికి పిలవాలి కదా, ఉమారాణి కుంకుమ భరిణె పట్టుకొని సరిగ్గా ఆరింటికి సెక్రటరీ ఇంటికి పోయింది. బొట్టు పెట్టి పిలిచేదానికి వచ్చిన ముత్తైదువను గడపలో ఆపే కార్యవర్గం ఇంకా పుట్టలేదు.

"రామసుబ్బక్కా, యాడుండావు?"

"వెనకాల ఉండా. నువ్వు రావద్దులే, నేనే వస్తాండా."

ఉమారాణి అప్పటికే వెనకాలికి చేరింది. సెక్రటరీ భార్య రామసుబ్బమ్మ దుప్పటి కప్పిన దేనిమీదో కూర్చొని ఉంది. అది గుర్రుమంటా, ఆమెతో సహా వణుకుతోంది.

"చలిజ్వరమా అక్కా?"

"ఊఁ."

ఉమారాణి శ్రద్ధగా బొట్టు పెట్టింది. వణుకులో అది కనుబొమ్మ దాటి చెవి దాకా పోయింది.

సాయంత్రానికి కొత్త కాగితం వెలిసింది. "గృహ గోప్యత పవిత్రమైనది. బొట్టు పెట్టి పిలుచుటకైనను, ఒక దినము ముందు రాతపూర్వక నోటీసు లేనిదే ఎవరును ఎవరి ఇంటికిని పోరాదు."

మొదటి నోటీసు ఉమారాణే ఇచ్చింది. "నీళ్లు వచ్చు ప్రతి దినమూ ఉదయం ఆరు గంటలకు రామసుబ్బమ్మగారికి బొట్టు పెట్టుటకు రాగలను."

ఆదివారం ఆరయింది. ఆమె పోలేదు. మూడో అంతస్తులో, తన కొళాయి కింద బిందె నిండుతుంటే చూస్తా నిలబడింది.