పరుగు పేరు చెప్పి

బస్సు కదిలిపోతున్నా అడుగు వేగం పెంచని లెక్కల టీచరును బడిలో నిదానం మాస్టారు అనేవారు. అలాంటి మనిషి ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు పందెంలో పేరిచ్చాడని విని, స్టాఫ్ రూములో టీ తాగుతున్నవాళ్లందరికీ పొలమారింది.

ఆయన బాధ వేరు. దూరపు పరుగు పందేల్లో పాల్గొనే ఒక్కగానొక్క కూతురు జ్వరంతో పోయి ఎనిమిది నెలలైంది. అప్పటినుంచి భార్య పొయ్యి వెలిగించలేదు. ఇద్దరికీ బ్రెడ్డు ముక్కలే గతి. మొగుడి కోసమని వండితే తనూ రెండు ముద్దలు తినకపోతుందా అని మాస్టారు ఎత్తు వేశాడు.

"పందేనికి మూడు రోజుల ముందు నుంచీ అన్నం, బంగాళాదుంపలు దండిగా తినాలట. ఒంట్లో పిండిపదార్థం నిల్వ ఉంటేనే చివరిదాకా కాళ్లాడతాయట."

"తెలుసండీ. మన పిల్లకి అలా వండిపెట్టింది నేనేగా," అందామె.

మాస్టారు నాలుక కరుచుకున్నాడు.

అయినా ఆమె వండింది. మారు మీద మారు వడ్డించింది. నువ్వూ కూర్చోమంటే, పరిగెత్తేది మీరు కదా అని తప్పించుకునేది. మూడో రోజుకు మాస్టారు వంగి బూట్ల తాడు కట్టుకోలేకపోతే ఆమే కట్టింది.

పందెం రోజు ఆయన మొదటి మలుపు దాకా పరిగెత్తి, సందులోకి జారుకుని, టీకొట్టు బెంచీ మీద కూలబడ్డాడు. రెండు గంటలు గడిపి, మొహాన నీళ్లు చల్లుకుని ఇల్లు చేరాలని పథకం.

బెంచీ అవతలి చివర భార్య కూర్చుని ఉంది.

మలుపు దాటి పరిగెత్తడం మీవల్ల కాదని తెలిసే ఇక్కడ కూర్చున్నానంటూ, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ల సీసా అందించింది. సాధన పేరుతో ఆయన పార్కులో కునుకు తీయడం మొదటిరోజే చూసిందట.

"మరెందుకు వండావు?"

"అది పోయాక చిక్కిపోయి, మీ బెల్టుకు కొత్తగా మూడు చిల్లులు పొడుచుకున్నారు. ఊరికే తినమంటే తింటారా?"

ఎత్తు వేసిన మాస్టారే చిత్తయ్యాడు. సందు చివర రోడ్డు మీద ఆడపిల్లలు పరిగెత్తిపోతున్నారు. చివరి పిల్ల కనుమరుగయ్యేదాకా ఇద్దరూ అటే చూశారు.

ఇంట్లో అన్నం మిగిలిందా అని మాస్టారు అడిగాడు.

"రోజూ మిగులుతోందండీ. ముగ్గురికి వండేస్తున్నాను. చెయ్యి మాట వినడం లేదు."

మాస్టారు సీసా మూత బిగించి ఆమెకు అందించాడు.

"దాని వాటా ఇవాళ నాకు పెట్టండి," అందామె లేస్తూ.